పాత కంటి రంగు

జనవరి 6, సోమవారం

డ్రాయింగ్ పీరియడ్ తీసేశారు.

ఈ ఒక్క ముక్క రాసి పడుకుందామనుకున్నాను. పెన్ను ఊరుకోవడం లేదు.

పొద్దున స్కూలుకి వెళ్ళేసరికి నా గదికి కొత్త తాళం. తలుపు మీద పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి అంటించిన అక్షరాలన్నీ పీకేశారు. గోళ్ళతో గీకినట్టున్నారు, అక్కడక్కడా ఎర్రటి తునకలు మిగిలిపోయాయి. వాటి మీదే ఒక తెల్లకాగితం: టెస్టుల గది, నిశ్శబ్దం.

ప్రిన్సిపాల్ నన్ను కూర్చోమని కూడా అనలేదు. పెద్ద తరగతులకు ఇక రోజూ టెస్టులట, గదులు చాలడం లేదట, నన్ను పరీక్షల విభాగానికి మార్చారట. జవాబు పత్రాల మీద నంబర్ల స్టిక్కర్లు అంటించాలి. పిల్లలకి బొమ్మలు ఎవరు నేర్పుతారని అడిగాను. ఇష్టమున్నవాళ్ళు ఇంట్లో వేసుకుంటారు అన్నాడు. ఆ తర్వాత ఏదో వరం ఇస్తున్నట్టు, "మీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు కదా మేడమ్," అన్నాడు.

సాయంత్రం ఇంట్లో మా ఆయనకి చెప్పాను. టీవీలోంచి తల తిప్పకుండా, "జీతం తగ్గించలేదుగా?" అన్నారు.

అత్తయ్య తన కుర్చీలోంచి ఏమయిందని కొడుకుని అడిగింది. నన్ను అడగొచ్చు, నేను పక్కనే ఉన్నాను. స్కూల్లో పని మార్చారని ఆయన చెప్పారు. పిల్లల చేత పిచ్చిగీతలు గీయించడం కూడా ఒక పనేనా అని ఆవిడ ఈ ఇంటికి నేను వచ్చిన కొత్తలో అంది. ఇవాళ అనలేదు. అనాల్సిన అవసరం లేదు కదా, ప్రిన్సిపాల్ అన్నాడుగా.

జనవరి 8

అంటించాను.

జనవరి 9

అంటించాను. వంకరగా అంటితే మెషీను చదవదట. ఒక్కటైనా వంకరగా అంటించాలని చెయ్యి ఎంత పీకిందో. అన్నీ తిన్నగానే అంటించాను. ఏం మనిషిని నేను.

జనవరి 14

అత్తయ్య కుడికంటికి శుక్లం ఆపరేషను ఎల్లుండి, పండగ వెళ్ళగానే. ఆయనకి సెలవు దొరకదట. ఇన్సూరెన్సు ఆఫీసులో ఆయన ఒక్కరోజు కుర్చీ దిగితే ఊళ్ళో బళ్ళన్నీ గుద్దుకుంటాయి. "నీకిప్పుడు పెద్దగా పనేం లేదుగా, నువ్వు తీసుకెళ్ళు," అన్నారు.

చేతిలో ఉన్న గిన్నెని సింకులోకి వదిలాను. "మెల్లగా," అన్నారు.

జనవరి 17, శుక్రవారం

ఇవాళ కట్టు విప్పారు.

అత్తయ్య కన్ను చికిలించి డాక్టరమ్మ కోటుని చూసింది. తర్వాత గోడని. తర్వాత కిటికీ అవతల మబ్బుని. "గోడకి ఏం పూశారు, ఇంత తెల్లగా ఉంది?" అని అడిగింది. గదిలో గోడ మామూలుగానే ఉంది, మూలల్లో చెమ్మ కూడా ఉంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. వయసు మీద పడుతున్నకొద్దీ కంటిలోపలి కటకం పసుపుబారి చివరికి గోధుమరంగుకి తిరుగుతుందట. ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా మారడం వల్ల మనిషికి ఆ సంగతే తెలియదట. ఇప్పుడు కుడికంట్లో కొత్తది వేశారు, ఎడమకంట్లో పాతది ఉంది. రెండో ఆపరేషను వచ్చే నెల. అప్పటిదాకా రెండు కళ్ళూ రెండు రకాల రంగులు చూపిస్తాయట.

టాక్సీలో దారి పొడుగునా అత్తయ్య ఒక కన్ను మూసి, అది తెరిచి ఇంకో కన్ను మూసి, మళ్ళీ మొదటికొచ్చి అదే పని. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఈ పెద్దావిడ తనకి కన్నుకొడుతోందనుకున్నాడో ఏమో, మొహం తిప్పేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

జనవరి 19, ఆదివారం

ఇల్లంతా తనిఖీ. అత్తయ్య అరచేత్తో ఒక కన్ను మూసుకుని గది గదికీ తిరిగింది. వంటింట్లో ఆగి, పొయ్యి వెనక గోడకి ఈ జిడ్డు ఎన్నాళ్ళనించి ఉందని, ఇంత మురికిలో బతుకుతున్నామా అని అడిగింది. పోనీ ఇవాళైనా కనపడింది కదా, రేపటినుంచి మీరే తుడవండి అన్నాను. ఆయన పేపరు మడిచి బాల్కనీలోకి వెళ్ళారు. మా ఇద్దరిలో ఎవరి గొంతు లేచినా ఆయనకి మొక్కలకి నీళ్ళు పోయడం గుర్తొస్తుంది.

మధ్యాహ్నం తన బీరువా తెరిచి అడుగునుంచి శాలువా తీసింది.

ఆ శాలువా. ఈ స్కూల్లో నా మొదటి జీతం రాగానే ఆవిడకి కొన్నాను. ఊదారంగు. దుకాణంలో దాన్ని విప్పగానే పక్కనున్న శాలువాలన్నీ వెలవెలబోయాయి. తెచ్చి చేతిలో పెడితే మొహం ముడుచుకుని, ఇంకేం దొరకనట్టు మట్టిరంగుది తెచ్చావేం అంది. మడతపెట్టి లోపల పెట్టింది. ఒక్కనాడు భుజాన వేసుకోలేదు. ఊదారంగుని పట్టుకుని మట్టిరంగంటే నా ఒళ్ళు ఎలా మండాలి? కావాలనే అంది, నన్ను చిన్నబుచ్చడానికే అంది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా మా మధ్య ఏ మాట వచ్చినా లోపల్లోపల వెళ్ళి ఆ శాలువా దగ్గరే కూర్చునేదాన్ని.

ఇవాళ దాన్ని కుడికంటితో చూసింది. ఎడమకంటితో చూసింది. మళ్ళీ కుడికంటితో. మంచం అంచున కూర్చుంది.

"ఇది మట్టిరంగు కాదే."

"కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

చెప్పాను. ఆ రోజే చెప్పాను. ఆవిడ కొడుకు కూడా మట్టిరంగు కాదమ్మా అన్నారు. మా ఇద్దరి మాటా నమ్మలేదు.

ఇప్పుడు ఈ కోపాన్ని ఏం చేసుకోను? ఎంత జాగ్రత్తగా పెంచుకున్నాను దీన్ని. తప్పు ఆవిడది కాదట, కటకానిదట. కటకం మీద ఎవరికైనా కోపం ఎలా వస్తుంది?

రాత్రి శాలువా కప్పుకునే భోజనానికి కూర్చుంది. ఉక్కపోస్తున్నా తియ్యలేదు.

జనవరి 20

అంటించాను.

జనవరి 23

సాయంత్రాలు కాసేపు నడిపించమని డాక్టరమ్మ చెప్పింది. నల్లద్దాలు పెట్టి తీసుకెళ్ళాను. వీధి మలుపు తిరగ్గానే అద్దాలు తీసి నా సంచిలో పడేసింది.

ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ముందు బకెట్లు గోపురంలా పేర్చి ఉన్నాయి. ఆ పైది ఏం రంగని అడిగింది. నీలం అన్నాను. ఆ షట్టరు? అదీ నీలమే. బస్సు కోసం నిలబడ్డ ఆ అమ్మాయి సంచి? నీలం. స్కూల్లో పొద్దుటినుంచి అంటించి అంటించి వేళ్ళు జిగురుతో గట్టిపడి ఉన్నాయి నాకు, మాట్లాడే ఓపిక లేదు.

"అన్నీ నీలమే అయితే అన్నీ వేరే వేరేగా ఎందుకున్నాయి? పిల్లలకి ఇదేనా నువ్వు నేర్పింది?"

ఎక్కడో గుచ్చుకుంది. ముదురు నీలం, లేత నీలం, ఆకాశ నీలం, నెమలికంఠం అని కోపంగా గడగడా చెప్పాను. నాలుగు చెప్పేసరికి నా దగ్గర పేర్లు అయిపోయాయి. ఎదురుగా ఇంకా బోలెడన్ని నీలాలు మిగిలి ఉన్నాయి. అత్తయ్య తాపీగా తన పేర్లు మొదలుపెట్టింది. ఆ షట్టరు గ్యాసు మంట నీలం. ఆ సంచి ఇంకు కారిన జేబు నీలం. బకెట్టుకి మాత్రం ఎంత వెతికినా పేరు దొరకలేదు, రేపు చెప్తానంది.

నాకిందులో సరదా ఏమీ లేదు. డాక్టరు నడవమంది కనక నడిపిస్తున్నాను.

జనవరి 24

బకెట్టుది జ్వరమొచ్చిన గోరు నీలమట. బాగుందని అనలేదు నేను.

జనవరి 29

డాక్టరు చెప్పిన దానికంటే ఎక్కువ దూరం వెళ్ళాం. దారి తప్పాం.

తప్పలేదు. ఆ వీధిలో దారాల దుకాణం ఉందని నేనే అటు తిప్పాను. దుకాణదారుకి మేం ఏమీ కొనమని మొహం చూడగానే అర్థమైంది, అయినా కండెల పెట్టెలు ఒక్కొక్కటే బల్ల మీదికి తోశాడు. అత్తయ్య ఎర్రల దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. రెండు కళ్ళ మధ్యా ఎరుపు పెద్దగా మారలేదట, తెలుపూ నీలమూ ఊదా మాత్రం మోసం చేశాయట. ఎవరో దగ్గరివాళ్ళ గురించి చెప్తున్నట్టే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. గుంతలు ఉన్నాయి రోడ్డు మీద, అందుకే.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ్టిది రాయకుండా ఉందామనుకున్నాను.

నా గది ఎదురుగా వరండా గోడ ఉంది. ప్రతి ఏడూ స్కూలు వదిలి వెళ్ళే తరగతి అందులో ఒక ముక్క మీద ఏదో ఒకటి వేసి వెళ్తుంది. ఒక ఏడు బస్సు వేశారు, కిటికీ కిటికీలో వాళ్ళ మొహాలే. ఒక ఏడు ఎవరిదో నాయనమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటుంది. మూడు కాళ్ళ కుక్క ఒకటుంది, నాలుగో కాలికి చోటు మిగల్లేదు వాళ్ళకి. ఆ కుక్కంటే చిన్న తరగతుల వాళ్ళకి ప్రాణం, వెళ్తూ వెళ్తూ దాని ముక్కు మీద తట్టి పోతారు. ముక్కు దగ్గర రంగంతా అరిగిపోయింది.

ప్రిన్సిపాల్ పిలిచి, ఆ గోడకి ఒకే రంగు వేయించి ర్యాంకుల బోర్డులు పెడుతున్నామన్నాడు. షేడు కార్డు నా ముందుకు జరిపాడు. "మీకు రంగులు తెలుసు కదా మేడమ్, మంచి బూడిదరంగు ఒకటి చెప్పండి. మాపు కనపడకూడదు."

చెప్పాను. వేలు పెట్టి చూపించాను. కొంచెం నీలం కలిసిన బూడిద అయితే కంటికి హాయిగా ఉంటుందని కూడా అన్నాను.

నేను షేడు చెప్పానంతే. నేను చెప్పకపోయినా వేసేవాళ్ళే.

నేను షేడు చెప్పానంతే.

ఫిబ్రవరి 6

వేసేశారు. రెండు పూతలకే కుక్క పోయింది. లెక్కల టీచరు, పిల్లలు కొలబద్ద అని పిలిచే ఆయన, నా పక్కన నిలబడి చాలా శుభ్రంగా ఉందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బస్సులో మూడో కిటికీ మా అబ్బాయిది మేడమ్ అన్నాడు. అని గబగబా క్లాసుకి వెళ్ళిపోయాడు. ఎవరితో చెప్పుకోవాలి ఈ కోపం? ఆయనతోనా?

ఫిబ్రవరి 7, శుక్రవారం

నడకకి రానన్నాను. అత్తయ్య చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఎందుకంది. అంతే. ఇన్నాళ్ళదీ కట్ట తెగినట్టు వచ్చింది. తాళం, స్టిక్కర్లు, గోడ, కుక్క, షేడు కార్డు. పిచ్చిగీతలు అన్నారు కదా మీరు, ఇప్పుడు సంతోషమేనా అని కూడా అరిచాను. పక్కింటి తలుపు తెరుచుకుని మూసుకుంది.

అత్తయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుంది. సారీ చెప్తుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. ఆవిడ సారీ చెప్పే మనిషి కాదు.

"ఈ నెలాఖరుకి రెండో కన్ను కూడా చేసేస్తే ఈ పాత రంగు పోతుందిట కదా," అంది.

పోతుందన్నాను. మంచిదే కదా అన్నాను.

"ఇన్నేళ్ళూ నేను చూసింది అదే. మీ మామయ్య పోయినప్పుడు ఆ రంగులోనే చూశాను. నిన్ను చూసిందీ అందులోనే. నేను తప్ప ఇంకెవరూ చూడలేదు దాన్ని. పోయేలోపల కాగితం మీద పెట్టగలవా?"

ఆవిడ విడిచిన చెప్పులు గుమ్మం పక్కకి జరిపాను.

"గీయడం నీ పని. రంగు సరిగ్గా ఉందో లేదో నేను చెప్తాను. పిల్లలకి నేర్పకపోతే మానె, నాకు నేర్పు."

చూద్దాం అన్నాను. నా గొంతు నాకే మొరటుగా వినిపించింది.

ఫిబ్రవరి 8

పాత పెట్టెలోంచి రంగులు తీశాను. సగం సీసాలు ఎండిపోయాయి. నా సొంతానికి బొమ్మ వేసి ఎన్నాళ్ళయిందో. అది రాయను ఇక్కడ.

వంటింటి కిటికీ వేద్దామంది. కిటికీలోంచి ఎదుటి బిల్డింగు, దాని మీద నీళ్ళ ట్యాంకు, తీగ మీద ఎవరివో ఆరేసిన దుప్పట్లు, పైన కాస్త ఆకాశం. రెండు అట్టలు. ఒకటి కొత్త కన్ను, ఒకటి పాత కన్ను.

ఫిబ్రవరి 9, ఆదివారం

రోజంతా దండగ. పాత కంటి రంగుతో మొదలుపెట్టాం. ఎదుటి గోడ రంగు ఒక కాగితం ముక్క మీద కలిపి, గోడ పక్కన పెట్టి, అత్తయ్యని ఎడమకంటితో చూడమన్నాను. సరిపోయిందంది. దుప్పటిదీ సరిపోయిందంది. ట్యాంకుదీ. ఇంత సులువా అనుకున్నాను. తీరా చూస్తే నేను కలిపినవన్నీ మామూలు రంగులే, నాకు కనపడేవే, కొత్త కంటి అట్టకి పనికొచ్చేవే. ఇదేం వింత, మీ కన్ను బాగానే ఉందిగా అని విసుక్కున్నాను. బాగుంటే నాకు మత్తిచ్చి కొయ్యడం ఎందుకని ఆవిడా విసుక్కుంది. ఇద్దరం మూతులు ముడుచుకున్నాం.

గిన్నెలు కడుగుతుంటే తట్టింది. ఎడమకంటితో గోడని చూస్తే గోడ గోధుమగా కనపడుతుంది, ఎడమకంటితోనే నా రంగుని చూస్తే అదీ గోధుమగానే కనపడుతుంది. రెండూ సరిపోక ఏమవుతాయి? గోడని పాత కంటితో చూడాలి. నా రంగుని కొత్త కంటితో చూడాలి.

సబ్బు చేతులతోనే ఆవిడ గదిలోకి పరిగెత్తాను. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, నేనూ అదే అనుకుంటున్నా అంది. అబద్ధం.

ఫిబ్రవరి 11

ఇప్పుడు ఏదీ సరిపోవడం లేదు. ఎదుటి గోడ నిజానికి తెలుపు. పసుపు కలిపాను, కాదంది. ఇంకొంచెం గోధుమ. కాదు. "టీ పోసినట్టుంటుందమ్మాయ్. అదీ రాత్రి మరిచిపోయిన కప్పులో పొద్దున చూస్తే అడుగున ఉంటుందే, అది." చివరికి కప్పులో అడుగున మిగిలిన టీనే బ్రష్షుతో తీసుకుని రంగులో కలిపాను. రెండు కళ్ళూ మార్చి మార్చి చూసి, దగ్గరికొచ్చావు అంది.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి భోజనాల బల్ల మీద మరకలు చూశారు. ఇదేమిటి, ఈ వయసులో అన్నారు. ఎవరి వయసని ఇద్దరం ఒకేసారి అడిగాం.

ఫిబ్రవరి 13

దుప్పటి నీలానికి ఏం చేసినా రావడం లేదు. పాత కంటికి నీలమే లేదు. నాచు పట్టిన సిమెంటులా ఉంటుందట. నీలం చుక్క కూడా లేకుండా నీలం దుప్పటి వెయ్యాలి.

మధ్యాహ్నం స్కూల్లో స్టిక్కర్లు అంటిస్తూ ఇదే ఆలోచిస్తున్నాను. ఒకటి వంకరగా అంటింది. అలాగే వదిలేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఇవాళ తల్లిదండ్రుల సమావేశం. నన్ను స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. నాకెందుకో అర్థం కాలేదు. కాసేపటికి ఎవరో తల్లి లేచింది. బస్సు కండక్టరు, యూనిఫాంలోనే వచ్చింది. మా పాప ఇంట్లో బొమ్మలు వెయ్యడం మానేసింది, స్కూల్లో డ్రాయింగ్ ఉందా అని అడిగింది. ప్రిన్సిపాల్ చిరునవ్వుతో చెయ్యి నా వైపు చాపాడు. "ఉందండి. మేడమ్ ఉన్నారుగా."

అదీ నా ఉద్యోగం పోకపోవడానికి కారణం. నేను బోర్డుని. ర్యాంకుల బోర్డు పక్కన ఇంకో బోర్డుని.

మైకు నా ముందే ఉంది.

"లేదండి," అన్నాను. "పీరియడ్ తీసేశారు. గది తీసేశారు. పిల్లలు వేసిన గోడ మీద బూడిదరంగు వేశారు. నేను స్టిక్కర్లు అంటిస్తున్నాను."

హాలంతా ఒక్కసారిగా గుసగుసలు. ప్రిన్సిపాల్ మైకు తన వైపు లాక్కుని మేడమ్ ఒంట్లో బాగాలేదన్నాడు. ఒంట్లో ఇంత బాగా ఈ మధ్య ఎప్పుడూ లేదు నాకు. మెట్లు దిగేటప్పుడు కొలబద్ద చెయ్యి అందించాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

గేటు దగ్గరే ఆపారు. మళ్ళీ కబురు చేసేదాకా రావద్దట. జీతం లేని సెలవు.

ఆయన గదిలో ఇటూ అటూ తిరిగారు. "ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోలేకపోయావా?"

"జీతం తగ్గించలేదుగా అన్నారు ఆ రోజు. ఇవాళ తగ్గింది. ఇప్పుడైనా ఏమయిందని అడగండి."

అడగలేదు. ఫోన్ తీసుకుని ఆసుపత్రికి చేశారు. ఇక నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి రెండో కన్ను ఎల్లుండే చేయించేద్దామట, ఎవరిదో తేదీ ఖాళీ అయిందట. నేను వద్దని అరిచాను. బొమ్మ సగంలో ఉంది. ఆయన నన్ను మతి పోయినదాన్ని చూసినట్టు చూశారు. రంగుల కోసం అమ్మ కన్ను ఆపుతావా అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఊదా శాలువా భుజం మీద ఉంది.

"కన్ను నాది. వచ్చే సోమవారం దాకా నేను రాను. ఈలోగా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకండి, రంగు చూసుకోవాలి."

ఆయన బాల్కనీలోకి వెళ్ళారు.

ఫిబ్రవరి 18

పొద్దున టీ ఇస్తుంటే ఆయన, మొక్కల వైపు చూస్తూనే, "ఇంతకీ ఏమయింది?" అన్నారు.

చెప్పాను. మొదటినుంచీ. ఆఫీసుకి ఆలస్యమైంది ఆయనకి. బళ్ళేమీ గుద్దుకోలేదు.

ఇంకా కోపంగానే ఉంది ఆయన మీద. రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

దుప్పటి వచ్చింది. నలుపులో పసుపు, పసుపులో మళ్ళీ కాస్త నలుపు, ఆఖరికి టీ. అత్తయ్య కుడికన్ను మూసి దుప్పటిని చూసింది, ఎడమకన్ను మూసి అట్టని చూసింది. ఎన్నిసార్లు చూసిందో. తర్వాత తల ఊపింది. ట్యాంకు కూడా వేశాను. కొత్త కంటి అట్ట నా మామూలు రంగులతో ముందే అయిపోయింది. వెలుతురు పోయేలోపల ఆకాశం వేశాను. పాత కంటి ఆకాశం ఎంత వెచ్చగా ఉందో. ఎవరూ ఉతకని ఆకాశం.

చేతులు కడుక్కుంటుంటే అనుకున్నాను, ఇది నేను వేసిన వాటిలో... వద్దు. రాయను.

ఫిబ్రవరి 25

కట్టు విప్పారు. అంతా బాగుందట. ఈసారి ఆయన కూడా వచ్చారు, సెలవు దొరికింది. టాక్సీలో అత్తయ్య రెండు కళ్ళూ తెరుచుకునే కూర్చుంది. బొమ్మలు చూపించమంది. రంగు ఇంకా ఆరలేదన్నాను. ఎప్పుడో ఆరింది.

ఫిబ్రవరి 28

స్కూలు నుంచి ఫోనేమీ రాలేదు. వస్తుందని నేను చూడటం లేదు. చార్జింగు అయిపోతుందేమోనని ఫోను వంటింట్లో పెట్టుకున్నానంతే.

మార్చి 5, బుధవారం

ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. కండక్టరమ్మ ఊరుకోలేదట, ఇంకొంతమందిని వెంటేసుకుని వెళ్ళి ఆఫీసు గదిలో కూర్చుందట. ఇదంతా కొలబద్ద ముందే చెప్పాడు. ప్రిన్సిపాల్ మాత్రం, యాజమాన్యం పెద్దమనసు చేసుకుందన్నాడు. చిన్న తరగతులకి వారానికి ఒక్క పీరియడ్. గది ఉండదు, వరండాలో చెప్పుకోవాలి. మిగతా టైములో స్టిక్కర్లు.

స్టిక్కర్లు అంటించనన్నాను. సరే, జీతం సగమే అన్నాడు. ఇంకో మాట: గోడ ముట్టుకోకూడదు.

సోమవారం వస్తానన్నాను. గోడ గురించి ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు.

ఆయనకి చెప్తే సగం జీతమా అని నోటిదాకా వచ్చింది. మింగారు. చూశాను నేను.

మార్చి 9, ఆదివారం

ఇక దాచలేక ఇవాళ పొద్దున రెండు అట్టలూ తెచ్చి వంటింటి గట్టు మీద గోడకి ఆనించాను. అత్తయ్య కుర్చీ లాక్కుని వాటి ముందు కూర్చుంది. కొత్త కంటిదాన్ని చూసి ట్యాంకు కాస్త పక్కకి ఒరిగిందంది. పాత కంటిదాన్ని చూసింది. చూస్తూనే ఉంది.

"ఇంత చీకటిగా ఉందేమిటి? కాదమ్మాయ్. నేనిలా చూడలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కో చుక్కకీ తల ఊపింది మీరు కాదా అన్నాను. ఎన్ని కాగితాలు పాడుచేశాం, ఎన్ని టీలు ఒలకబోశాం, మీ కొడుకుతో ఆపరేషను తేదీ మీద ఎంత గొడవపడ్డాను, ఇప్పుడు కాదంటే ఎలా అన్నాను. గొంతు ఎక్కడికో వెళ్ళిపోయింది.

నేను ఆగాక అంది.

"ఊపే ఉంటాను. నాకు గుర్తు రావడం లేదు ఆ రంగు. పొద్దుటినుంచీ కళ్ళు మూసుకుని తలుచుకుంటున్నా. మీ మామయ్య కూడా ఈ కొత్త రంగులోనే కనపడుతున్నాడు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, కట్టేశాను.

"నీకు గుర్తుందా?"

ఉందన్నాను.

"మళ్ళీ కలపగలవా?"

"కళ్ళు మూసుకుని కలుపుతాను."

"అయితే నీ దగ్గరే ఉండనీ."

లేచి కుర్చీ యథాస్థానంలో పెట్టింది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి మొహంలోకి తేరిపార చూసింది, రెండు కళ్ళతోనూ. నీకు నుదుటి మీద ఇంత కోపం ఉందని నాకు కనపడేది కాదంది. ఎప్పుడూ ఉండేదన్నాను. ఉండనీ, నీకు నప్పింది అంది.

ఆవిడ గదిలోకి వెళ్ళాక పళ్ళెంలో రంగులు వేసుకున్నాను. నలుపు, పసుపు, మళ్ళీ కాస్త నలుపు, కప్పు అడుగున మిగిలిన టీ. ఒక్కసారికే వచ్చింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో అత్తయ్య నాకంటూ ఇచ్చింది ఇదొక్కటే, అదీ టీ మరక రంగు.

ఇంకెవరికీ ఇవ్వను దీన్ని.